ముందుకి అర తిప్పు, వెనక్కి పావు

మన ఐటీఐ పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని గ్రూపులో మెసేజ్ పెట్టినప్పటి నుంచి ఆలోచిస్తున్నా, ఆటల పోటీల గురించి, దసరాకి వర్క్‌షాపులో చేసే ఆయుధ పూజ గురించి ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు, అందుకని నేను ఫిట్టింగ్ షాపులో మాస్టారు నేర్పిన టాపింగ్ గురించి రాస్తున్నా. ఇన్నేళ్ళుగా ఆటోనగర్లో నాకు అన్నం పెడుతున్న పనుల్లో అదొకటి. ఈ మధ్య చాలా చోట్ల పిల్లలకి చేత్తో టాప్ కొట్టడం ఒక పూటలో చూపించేసి, ఇక మిషన్ చూసుకుంటుందిలే అని వదిలేస్తున్నారని తెలిసి బాధేసింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఎలక్ట్రీషియన్ బ్యాచ్ వాళ్ళు కూడా చదువుతారు కాబట్టి మొదటి నుంచీ చెప్తా. ఇనప ముక్కకి డ్రిల్ వేసి ఆ కన్నం లోపల బోల్టు పట్టేలా మర కోయడాన్నే మనం టాప్ కొట్టడం, టాపింగ్ అంటాం, ఆ మర కోసే పనిముట్టే టాప్. సెట్‌లో మూడు టాప్‌లు ఉంటాయి. మన సెట్లలో కాడ మీద ఒక గీత ఉంటే మొదటిది, రెండు గీతలుంటే రెండోది, గీత లేకపోతే ఆఖరిది. మొదటిదాని మూతి బాగా కోసుగా ఉంటుంది, అందుకే కన్నంలోకి సులువుగా దిగుద్ది. ఆఖరిదానికి కోసు దాదాపు ఉండదు, ఒకటి రెండు పళ్ళు అంతే, అడుగు మూసుకున్న కన్నంలో చివరి దాకా మర రావాలంటే అదే దిక్కు.

మాకు చేయమని ఇచ్చిన జాబ్ ఎమ్ఎస్ (మైల్డ్ స్టీలు, అంటే మామూలు మెత్తటి ఉక్కు) ప్లేటు, దాంట్లో ఎమ్10 మర, అంటే 10 మిల్లీమీటర్ల బోల్టుకి పట్టేది. అప్పట్లో మా అందరికీ వచ్చిన డౌటు ఒకటే, 10 బోల్టుకి 8.5 డ్రిల్ ఎందుకూ అని. మాస్టారు బోర్డు మీద గీసి చూపించారు, ఎమ్10కి పిచ్, అంటే ఒక మర పంటికీ పక్క పంటికీ మధ్య దూరం, 1.5 మిల్లీమీటర్లు, పదిలోంచి అది తీసేస్తే 8.5. ఎమ్6కి 5, ఎమ్8కి 6.8, ఎమ్12కి 10.2, ఇవి అప్పుడు బట్టీ పట్టినవే, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తా. లెక్క ప్రకారం ఎమ్10 నట్టు లోపలి వ్యాసం కనీసం 8.376 ఉండాలి, మనం వేసేది అంతకంటే కాస్త పెద్దదే. మర పూర్తి లోతు రాకపోయినా ముప్పావు వంతు వస్తే బోల్టు చక్కగా పట్టుకుంటుంది, అదే మర నిండుగా రావాలని డ్రిల్ సన్నంగా వేస్తే బలం పెద్దగా పెరగదు గానీ టాప్ తిప్పడానికి చచ్చేంత బలం కావాలి, చివరికి విరిగేది టాపే.

డ్రిల్ అయ్యాక కన్నం మూతి కొంచెం ఏటవాలుగా కోసి, ప్లేటు వైస్‌లో సమంగా బిగించి, ఒక అరచేత్తో టాప్‌ని తిప్పే హ్యాండిల్ నడిమధ్య నొక్కుతూ మొదటి టాప్ మొదలుపెట్టాలి. ఒకటి రెండు చుట్లు పట్టాక ఆపి, హ్యాండిల్ ఊడదీసి, టాప్ నిటారుగా ఉందో లేదో ట్రై స్క్వేర్ (మూలమట్టం) పెట్టి చూడాలి, ఒక పక్క చూసి సరిపోదు, దానికి అడ్డంగా ఇంకో పక్క కూడా చూడాలి. వంకర ఉంటే సరిచేసుకోవడానికి అదే టైము, ఇంకాస్త దిగాక సరిచేద్దామని బలవంతం చేస్తే విరుగుద్ది. ఒకసారి మర పట్టిందంటే ఇక పైనుంచి నొక్కక్కర్లేదు, టాప్ తనంతట తనే లాక్కుంటూ దిగుద్ది.

ఇక అసలు సంగతి. "అబ్బాయ్, ముందుకి అర తిప్పు, వెనక్కి పావు" అని మాస్టారు బెంచీల మధ్య తిరుగుతూ అంటూనే ఉండేవారు. వెనక్కి తిప్పినప్పుడు చిన్నగా టక్ మని తెగినట్టు చేతికి తెలుస్తుంది, అది లోపల చుట్టుకుంటున్న ఇనప రజను తెగడం. అది తెగకుండా ముందుకే పోతే టాప్ ఒంటి మీద నిలువుగా ఉండే గాడుల్లో ఇరుక్కుని టాప్ బిగుసుకుపోద్ది. బిగుసుకునే ముందు కూడా టాప్ చెప్తుంది, హ్యాండిల్ మీద పట్టు వదిలితే అది కాస్త వెనక్కి తనే వస్తుంది, అంటే మనం తిప్పింది మర కోయడానికి పోలేదు, టాప్ మెలి తిరగడానికి పోయింది అని. అక్కడ ఆపి వెనక్కి తీసి, రజను దులిపి, నూనె వేసి మళ్ళీ మొదలుపెట్టాలి. దీన్ని ఎంత రాసినా చదివితే రాదు, వేళ్ళకి తెలియాల్సిందే.

మా బ్యాచ్‌లో ఒకతనికి ఎమ్6 టాప్ కన్నంలోనే విరిగింది, చిన్న టాప్‌కి పెద్ద హ్యాండిల్ వేశాడు పాపం. మాస్టారు తిట్టలేదు, అందర్నీ చుట్టూ పిలిచి చూపించారు. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీలు) టాప్ గట్టిది, గట్టిది కాబట్టే పెళుసు, దాని మీద మామూలు డ్రిల్ పెడితే డ్రిల్లే పోద్ది. గాడుల్లోకి కాళ్ళు దిగే ఎక్స్‌ట్రాక్టర్‌తో నెమ్మదిగా ముందుకీ వెనక్కీ కదుపుతూ తీశారు. అది కూడా పనిచేయకపోతే కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని తినేసే స్పార్క్ ఎరోజన్ మిషనే గతి, దానికి అయ్యే ఖర్చు చాలాసార్లు టాప్ సెట్టు కంటే ఎక్కువ.

లోహాన్ని బట్టి పద్ధతి మారుద్ది. ఎమ్ఎస్‌కి కటింగ్ ఆయిల్, అల్యూమినియంకి కిరసనాయిలు, పోతఇనుముకి ఏమీ వద్దు, దాంట్లో ఉండే గ్రాఫైటే చాలు. పోతఇనుము పొడిని మాత్రం నోటితో ఊదకూడదు, కళ్ళల్లో పడుద్ది, మాస్టారికి కోపం వచ్చేది అక్కడే.

ఆటోనగర్ పనిలో ఇదంతా ఎక్కడ కావాలంటారా, రోజూ కావాలి. లారీ గేర్‌బాక్స్ హౌసింగ్‌లో ఒక్క స్టడ్ కన్నం మర పోతే దాన్ని సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మిషన్) మీదకి ఎక్కించి సెట్ చేసేలోపు చేత్తో టాప్ కొట్టి ఇచ్చేయొచ్చు, బండి సాయంత్రానికి రోడ్డెక్కుద్ది. పాత మిషన్లు వస్తే ఇంకో తిప్పలు. అర అంగుళం విట్‌వర్త్ (పాత బ్రిటిష్ పద్ధతి) మరకి అంగుళానికి 12 పళ్ళు, అదే సైజు యూఎన్‌సీ (అమెరికా పద్ధతి) మరకి 13, కోణం కూడా ఒకదానికి 55 డిగ్రీలు, ఇంకోదానికి 60. ఒకదాని కన్నంలో ఇంకోదాని బోల్టు పెడితే రెండు చుట్లు చక్కగా పోయి ఆగిపోద్ది, కుర్రాళ్ళు స్పానర్‌కి పైపు తగిలించి బిగించేస్తారు, ఇక కన్నం పాడు. ఆగినప్పుడు మర పళ్ళు కొలిచే థ్రెడ్ గేజ్ తీసి చూడాలన్న ఆలోచన చేత్తో మర కోసినవాడికే ముందు వస్తుంది, నా షాపులో చేరిన పిల్లల్ని చూసి చెప్తున్నా. మార్కుల షీటు తర్వాత చూస్తా, ముందు ఎమ్8 కన్నం ఒకటి ఇచ్చి టాప్ కొట్టమంటా.

కాబట్టి కమిటీ వాళ్ళకి నా మనవి, సీఎన్‌సీ బాగా నేర్పండి, అది కావాల్సిందే, కానీ హ్యాండ్ టాపింగ్ జాబ్‌ని కుదించొద్దు. ఒక్కో పిల్లాడూ అవతలికి తెరిచున్న కన్నం ఒకటి, అడుగు మూసుకున్న కన్నం ఒకటి సొంతంగా కొట్టాలి, ఇద్దరికి కలిపి ఒకటి ఇస్తే ఒకడు చూస్తూ నిలబడతాడు. ఎమ్6 నుంచి ఎమ్12 దాకా టాప్ సెట్లు మా బ్యాచ్ తరఫున కొని ఇస్తాం, మా గ్రూపులో ఇప్పటికే మాట్లాడుకున్నాం. ప్లేట్లు నా షాపులో కోయించి పంపిస్తా, ఏ సైజు కావాలో, ఎంత మంది పిల్లలున్నారో బడి తెరవకముందే చెప్తే చాలు.