పోర్టబెల్లోలో పళ్ల చెంచా

శనివారం పొద్దున్నే నాటింగ్‌హిల్ గేట్ స్టేషన్‌లో దిగేసరికి సన్నగా జల్లు. లండన్ పోర్టబెల్లో రోడ్డులో పాత వస్తువుల బేరాలకు ఆ రోజే జోరు. ‘‘ఇంట్లో ఉన్న చెంచాలు చాలవా నీకు?’’ అని సణుగుతూనే అక్క గొడుగు తీసుకుని వెంట వచ్చింది.

నేను వెతికేది బెర్రీ చెంచాలు. పుట్టింది జార్జి రాజుల కాలంలో, సింగారించుకున్నది విక్టోరియా కాలంలో. నున్నటి పాత చెంచాల మీద మోజు తగ్గాక, కంసాలులు వాటి గుంటల్లో పళ్లూ ఆకులూ ఉబ్బెత్తుగా కొట్టి, బంగారు పూత పూసి, పళ్లు వడ్డించుకునే చెంచాలుగా మార్చేశారు. 1840లో ఎల్కింగ్టన్‌లనే ఇంగ్లిషు వ్యాపారులు విద్యుత్తుతో పూత పూసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక ఆ పని ఇంకా సులువైంది. నిష్ఠగల సేకర్తలకు ఇవి గిట్టవు. లక్షణమైన చెంచాను చెడగొట్టారంటారు. నేనూ ఒకప్పుడు ఆ మాటే అనేవాణ్ని.

ఒక బల్ల దగ్గర పెద్దావిడ భూతద్దం నా చేతికిచ్చి తన టీ తాను తాగుతూ కూర్చుంది. కాడ వెనక వరసగా, వెండిని పరీక్షించాక కొట్టే ముద్రలు. నడిచే సింహం ఉందంటే వెయ్యికి 925 పాళ్ల వెండి. కిరీటం పెట్టుకున్న చిరుత తల ఉందంటే పరీక్ష లండన్‌లో జరిగినట్టు. రాజు తల పన్ను కట్టినందుకు గుర్తు. ఇంగ్లిషు ‘ఈ’ అక్షరం 1800 సంవత్సరానిది. చేసినవాడి ముద్ర మాత్రం అరిగిపోయింది. తిప్పి చూస్తే, లోపల ద్రాక్షగుత్తి ఉబ్బిన చోటల్లా వెనక సొట్టలు.

కాడ ముందువైపు చెక్కిన తీగలో ఒక నులి మాత్రం మిగతా వాటికన్నా లోతుగా ఉంది. భూతద్దం దగ్గరగా పెట్టాను. అది తీగ కాదు, పాత పొడి అక్షరం తోక! చెరిపినవాడు పూర్తిగా గీకకుండా దాన్ని తీగలో కలిపేశాడు.

‘‘ఎవరిదో పేరురా!’’ అంది అక్క, గొడుగు పక్కన పడేసి. ‘‘అమ్మ స్టీలు గిన్నెల మీద కొట్టించినట్టు.’’

అరవై పౌండ్లు చెప్పిన పెద్దావిడ యాభై రెండుకు దిగింది. నా మొదటి బెర్రీ చెంచాను అమ్మ విభూతి పెట్టి తోమితే గుంటలో బంగారం సగం పోయింది. అందుకే ఇంటికి రాగానే అక్క ‘‘ఇటివ్వు, తళతళలాడిస్తాను’’ అంటుంటే, చెంచాను మేజోడులో దూర్చి పెట్టె అడుగున పెట్టేశాను.