చార్ బదులు ఇంట్

పొద్దున ఏడు కాకుండానే ఫోన్. మా ఇన్‌స్టిట్యూట్‌లో సీ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న కుర్రాడు. గొంతులోనే టెన్షన్ తెలిసిపోతోంది. "మాస్టారూ, మీరిచ్చిన ప్రోగ్రామ్ ఎలా నడిపినా 'ఇలా వాడాలి' అన్న ఆ ఒక్క లైను చూపించి బయటికొచ్చేస్తోంది. ఆప్షన్ ఇచ్చినా అంతే, ఇవ్వకపోయినా అంతే. నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు" అన్నాడు. రాత్రి రెండింటిదాకా దాంతోనే కూర్చున్నాడట. బోర్డు పట్టుకుని ఇంటికి రమ్మన్నాను.

రాత్రినుంచీ పర్లాకిమిడిలో వాన. మహేంద్రతనయ నిండుగా పారుతోందని పాలబ్బాయి చెప్పాడు. కుర్రాడు తడిసి వచ్చాడు, బోర్డు మాత్రం రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి తెచ్చాడు. రాస్‌ప్‌బెర్రీ పై, ఆర్మ్ చిప్ ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు, వాళ్ల అక్క తన జీతంలోంచి కొనిచ్చింది. దాని మీద ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తనే ఎక్కించుకున్నాడు. అమ్మ వాడికి తువ్వాలు ఇచ్చి, ఉప్మా పెట్టేదాకా కంప్యూటర్ ముట్టనివ్వలేదు.

ఆ ప్రోగ్రామ్ మూడేళ్ల క్రితం నేను రాసింది. ఫైల్లో లైన్లూ మాటలూ లెక్కపెట్టే చిన్న పనిముట్టు, పిల్లలకి ఆప్షన్లు ఎలా చదవాలో చూపించడానికి. నా లాప్‌టాప్‌లో ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఇవాళ వాడి బోర్డు మీద కళ్లముందే ఫెయిలైంది. కంపైల్ చేసినప్పుడు ఏమైనా వచ్చిందా అని అడిగాను. "ఏదో వార్నింగ్ వచ్చింది మాస్టారూ, ఎర్రర్ కాదు కదా అని వదిలేశాను" అన్నాడు. మళ్లీ కంపైల్ చేయించి ఆ వార్నింగ్ ఇద్దరం చదివాం. మైనస్ ఒకటితో చేస్తున్న ఈ పోలిక ఎప్పుడూ నిజమే అవుతుందని కంపైలర్ ముందే చెప్పింది. అప్పుడు చూశాను నేను రాసిన లైను. గెట్‌ఆప్ట్ అంటే ప్రోగ్రామ్‌కి ఇచ్చిన ఆప్షన్లని ఒక్కొక్కటిగా చదివిచ్చే ఫంక్షన్. అది ఇచ్చే విలువని దాచుకోవడానికి పెద్ద పూర్ణాంకం పట్టే ఇంట్ పెట్టాల్సిన చోట ఒక్క బైటు పట్టే చార్ పెట్టాను.

విషయం ఇదీ. ఆప్షన్లు అయిపోయాయని చెప్పడానికి గెట్‌ఆప్ట్ మైనస్ ఒకటి ఇస్తుంది. సీలో ఉత్తి చార్‌కి మైనస్ గుర్తు ఉంటుందా ఉండదా అన్నది భాష తేల్చి చెప్పలేదు, ఆ మెషిన్‌కి కంపైలర్ చేసేవాళ్లకి వదిలేసింది. మన ఇంటెల్, ఏఎండీ లాప్‌టాప్‌లలో ఉంటుంది, అందుకని మైనస్ ఒకటి మైనస్ ఒకటిగానే నిలుస్తుంది. ఫ్రీబీఎస్‌డీలోగానీ లైనక్స్‌లోగానీ ఆర్మ్ చిప్ మీద ఉండదు, అక్కడ మైనస్ ఒకటి కాస్తా 255 అయిపోతుంది. అది ఏ ఆప్షనూ కాదు కాబట్టి నేరుగా డిఫాల్ట్‌కి పోతుంది, అక్కడ వాడే విధానం చూపించి బయటికి రమ్మని నేనే రాశాను. కుర్రాడు చేసిందాంట్లో తప్పేమీ లేదు. తప్పు నాది, మూడేళ్లుగా కాగితాల మీద జిరాక్స్ అవుతూ ఉన్నది. ఆ మాటే వాడితో అన్నాను. వాడి మొహంలో అప్పుడు కనిపించిన తేలిక నాకు చాలాసేపు గుర్తుండిపోయింది, రాత్రంతా తనకే చేతకాలేదనుకున్నాడు పాపం.

గెట్‌ఆప్ట్ మాన్యువల్ పేజీ తెరిచి కింద ఉదాహరణ చూపించాను. అక్కడ శుభ్రంగా ఇంట్ అనే ఉంది. అప్పట్లో ఆ పేజీ చూసి రాసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. నా జ్ఞాపకం మీద నమ్మకంతో రాశాను.

పదకొండింటికి కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద మిగతా ప్రోగ్రామంతా లైను లైనుగా చదివితే రెండో తప్పు దొరికింది, అది మొదటిదానికి సరిగ్గా తిరగబడ్డ తప్పు. మాటల మధ్య ఖాళీ కనిపెట్టే ఇజ్‌స్పేస్ అనే ఫంక్షన్‌కి చార్‌ని అలాగే ఇచ్చేశాను. దానికి ఇచ్చే విలువ అన్‌సైన్డ్ చార్‌లో పట్టేదైనా కావాలి, ఫైలు అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్ అయినా కావాలి. ఇంగ్లిష్ రాసినంతకాలం ఏ ఇబ్బందీ రాదు. కానీ అన్ని లిపులనీ బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమైనా, గుడి, కొమ్ము లాంటివైనా ఒక్కొక్కటి మూడు బైట్లు, మొదటి బైటు విలువ 224. మైనస్ గుర్తున్న చార్‌లో అది మైనస్ 32 అవుతుంది, ఆ తరవాత ఇజ్‌స్పేస్ ఏం చేస్తుందో ప్రమాణం ఏ హామీ ఇవ్వదు. ఒడియా అక్షరాలకీ అదే మొదటి బైటు. అంటే ఆర్మ్ మీద విరిగేది లాప్‌టాప్‌లో నడుస్తోంది, లాప్‌టాప్‌లో ప్రమాదమైనది ఆర్మ్ మీద బాగుంది. దుకాణం బోర్డు మీద రెండు లిపులూ పక్కపక్కనే కనిపించే ఊళ్లో పాఠం చెబుతూ, నా ఉదాహరణని ఒక్కసారి కూడా తెలుగు ఫైలు మీద పరీక్షించలేదన్నది నన్ను నిజంగా బాధపెట్టింది.

పిల్లాడికి ఊరికే చెబితే ఎక్కదని ఒక పని చేయించాను. గిడుగు అన్న మాటని చివర కొత్త లైను లేకుండా, లెక్కలు చెప్పే డబ్ల్యూసీ కమాండ్‌కి పంపమన్నాను. బైట్లు లెక్కపెట్టే ఆప్షన్‌తో 18 వచ్చింది. క్యారెక్టర్లు లెక్కపెట్టే ఆప్షన్‌తో 6. "మాస్టారూ, కానీ అక్షరాలు మూడే కదా" అన్నాడు. గి, డు, గు, అవును మూడే. గుడి, కొమ్ములు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి ఆరు. ఏ భాష, ఏ లిపి అని సిస్టమ్‌కి చెప్పే లొకేల్‌ని, బైటుకో క్యారెక్టర్‌గా చూసే ఉత్తి 'సీ' లొకేల్‌కి మార్చి క్యారెక్టర్ల లెక్కే మళ్లీ అడిగితే అక్కడా 18 వచ్చింది. వాడు నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు. ఉదాహరణ అంటే ఇలా ఉండాలి, చదివేవాడికి తన మాటతో తనే చేసి చూసుకునే వీలుండాలి.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే, రాజావారి స్కూల్లో. జనం మాట్లాడే భాషే పుస్తకంలోకి రావాలని ఆయన పోరాడినది మనకందరికీ తెలుసు. నేను ఎక్కువగా తలుచుకునేది మాత్రం ఆయన సవర భాష కోసం పడ్డ శ్రమని. ఇక్కడి కొండల్లోని గిరిజనులైన సవరల దగ్గరే నేర్చుకుని, వాళ్ల నోట విన్న మాటల్ని పట్టుకుని నిఘంటువు కట్టారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. మాన్యువల్ పేజీలు సరిచేసేటప్పుడు ఆయన గుర్తొస్తారు నాకు. పైన ఆప్షన్ల వివరణ ఎంత పొడుగున్నా, మనిషి ముందు చూసేది కింద ఉదాహరణలనే. ఆ లైను తీసుకెళ్లి తన టెర్మినల్‌లో పెడతాడు. అంటే అసలు భాష నేర్పుతున్నది ఉదాహరణే.

మధ్యాహ్నం మూడింటికి కరెంటు వచ్చాక నా మామూలు ఆదివారం పని మొదలుపెట్టాను. ఫ్రీబీఎస్‌డీలో కెర్నల్, దాంతో వచ్చే క్యాట్, సార్ట్, డబ్ల్యూసీ లాంటి పనిముట్లు, వాటి మాన్యువల్ పేజీలు, నమూనా కోడ్, అన్నీ ఒకే సోర్స్ చెట్టులో ఉంటాయి. 1993లో మొదలైన ప్రాజెక్టు. నాకు అందులో నేరుగా మార్చే అధికారం లేదు, ఏం మార్చాలో చూపించే ప్యాచ్ పంపుతాను, చూసేవాళ్లు చూసి తీసుకుంటారు. నమూనాల డైరెక్టరీలో పని చిన్నదిగానే కనిపిస్తుంది కానీ దాని పద్ధతులు దానికున్నాయి. కొత్త ఫైలు పెడితే, ఏవేవి ఇన్‌స్టాల్ చేయాలో రాసి ఉండే మేక్‌ఫైల్‌లో దాని పేరు చేర్చాలి, లేకపోతే సోర్స్‌లో ఉంటుంది తప్ప జనం మెషిన్లలోకి రాదు. పాతది తీసేస్తే కాలం చెల్లిన ఫైళ్ల జాబితాలో రాయాలి, అప్పుడే అప్‌గ్రేడ్ చేసుకున్నవాళ్లు దాన్ని తుడిచేసుకోగలుగుతారు. మాన్యువల్ పేజీలో విషయం మారితే పైనున్న తేదీ మార్చాలి. ఆ తేదీ నేను రెండుసార్లు మరిచిపోయాను, రెండుసార్లూ ఓపిగ్గా గుర్తుచేశారు.

ఇవాళ పంపాలనుకున్నది ఒక పేజీకి, ఫైల్లో మాటలు మార్చే సెడ్ అనే కమాండ్ గురించిన చిన్న ఉదాహరణ. ఫైల్లోనే మార్పు చేసే ఆప్షన్‌కి బీఎస్‌డీ సెడ్‌లో పాత ఫైలు నకలు పేరు చివర చేర్చే బ్యాకప్ తోక ఇచ్చి తీరాలి, వద్దనుకుంటే ఖాళీ కోట్లు విడిగా పెట్టాలి. లైనక్స్‌లో ఉండే గ్నూ సెడ్‌లో తోక ఇస్తే ఆప్షన్‌కి అతుక్కుని ఉండాలి, ఖాళీ కోట్లు విడిగా పెడితే వాటినే స్క్రిప్టు అనుకుని, అసలు స్క్రిప్టుని ఫైలు పేరనుకుంటుంది. తోకని అతికించి రాస్తే రెండుచోట్లా నడుస్తుంది. అందుకని ఆ రూపమే రాశాను. ఇంతకుముందైతే నా మెషిన్‌లో ఒకసారి నడిపి పంపేసేవాణ్ని. ఇవాళ పొద్దుటి దెబ్బ తరవాత కుర్రాడి బోర్డు మీద కూడా నడిపించాను, తెలుగు ఫైలు మీద, ఒడియా ఫైలు మీద, ఖాళీ ఫైలు మీద, చివర కొత్త లైను లేని ఫైలు మీద కూడా. మాన్యువల్ పేజీలు తనిఖీ చేసే మ్యాన్‌డాక్ ఒక లైను చివర ఖాళీ మిగిలిందని చూపించింది, అది తీసేసి పంపాను.

వాడు వెళ్లేముందు ఇంకోటి నేర్పాను. ఆర్మ్ బోర్డు లేనివాళ్లు కూడా చార్‌ని గుర్తు లేనిదిగా పట్టుకోమని కంపైలర్‌కి ఒక ఆప్షన్‌తో చెప్పవచ్చు. అలా చేస్తే నా లాప్‌టాప్‌లోనే పొద్దుటి తప్పు అచ్చంగా బయటపడింది. ఇకనుంచి మా క్లాసు ఉదాహరణలన్నీ రెండు రకాలుగానూ కంపైల్ అవ్వాలి, వార్నింగ్ వస్తే ఆగిపోవాలి. దానికో చిన్న స్క్రిప్టు రాశాను, వాడే రేపు క్లాసులో చూపిస్తానన్నాడు.

రాత్రి భోజనం అయ్యాక పాత బ్యాచ్‌ల గ్రూపులన్నీ వెతికి, సరిచేసిన ఫైలు, ఏం తప్పు రాశానో వివరం పెట్టాను. పడుకునేలోపు పాతపట్నం అమ్మాయి జవాబిచ్చింది, రెండేళ్ల క్రితం బ్యాచ్. "మాస్టారూ, ఆ గెట్‌ఆప్ట్ ముక్క మా ఆఫీసులో మూడు టూల్స్‌లో వాడాను. పొద్దున్నే మార్చేస్తాను. నా దగ్గర తీసుకున్నవాళ్లు ఇంకో ఇద్దరున్నారు, వాళ్లకీ చెప్తాను."