రక్తం ఎక్కించడం సగం పనే

థలసీమియా మేజర్, అంటే ఒంట్లో సరిపడా హిమోగ్లోబిన్ తయారుకాక రక్తం ఎక్కిస్తూ ఉండాల్సిన పుట్టు జబ్బు, ఉన్న పిల్లలకి ఏ ప్రైవేటు ఆస్పత్రి మంచిదని అడిగితే, గదుల సంగతి తర్వాత, ముందు బ్లడ్ బ్యాంక్ ఎలా పనిచేస్తుందో కనుక్కోమంటాను. రెండు నుంచి ఐదు వారాలకోసారి, ఏళ్ల తరబడి వెళ్లాల్సిన చోటు మరి.

మొట్టమొదటి బ్యాగ్ ఎక్కకముందే జరగాల్సిన పని ఒకటుంది. ఎ, బి, ఓ గ్రూపు దగ్గర ఆగిపోకుండా ఆర్‌హెచ్ గ్రూపులోని సి, ఇ రకాలూ, కెల్ అనే ఇంకో గ్రూపూ చూసి ఫైల్లో రాసిపెట్టాలి. ఒకసారి రక్తం ఎక్కిందంటే ఒంట్లో దాత కణాలు కలిసిపోతాయి, ఇక మామూలు పరీక్షకి బిడ్డ అసలు రకం అంత తేలిగ్గా దొరకదు. రకాలు కలవని రక్తం పదేపదే ఎక్కితే దాత కణాలని నాశనం చేసే యాంటీబాడీలు పుడతాయి. ఆ తర్వాత సరిపడే బ్యాగ్ దొరకడమే గగనం. ప్రతిసారీ కొత్త శాంపిల్‌తో క్రాస్ మ్యాచ్ (దాత రక్తం బిడ్డకి సరిపడుతుందో చూసే పరీక్ష), యాంటీబాడీ స్క్రీనింగ్ చేయించేది అందుకే. తెల్లకణాలు తీసేసిన ప్యాక్డ్ సెల్స్, అంటే వేరుచేసిన ఎర్రకణాలు, అడగండి. ఆ వడపోత మంచం పక్కన కాకుండా, నిల్వ చేయకముందే బ్లడ్ బ్యాంక్‌లో జరిగితే మేలు. చలిజ్వరాలు బాగా తగ్గుతాయి.

ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ డెసిలీటరుకి 9.5 నుంచి 10.5 గ్రాముల మధ్య ఉండేలా తేదీలు పెట్టుకుంటారు. ఏడుకో ఆరుకో పడిపోయేదాకా ఆగితే ఎముకల్లోని మజ్జ ఉబ్బుతుంది, ముఖం ఎముకలు మారతాయి. మోతాదు కిలోకి 10–15 మి.లీ. అంటే 20 కిలోల పిల్లాడికి 200–300 మి.లీ., మూడు నాలుగు గంటల్లో. మొదటి 15 నిమిషాలు చుక్కలు నెమ్మదిగా పడాలి, నర్సు దగ్గరే ఉండాలి. నడుం నొప్పి, వణుకు, మూత్రం ఎర్రబడటం కనిపిస్తే ముందు రక్తం ఆపాలి. సూది మాత్రం పీకకూడదు, సెలైన్ పెట్టి ఉంచి బ్యాగ్ మీది లేబుల్‌నీ, చేతి పట్టీనీ మళ్లీ సరిచూడాలి.

చాలాచోట్ల శ్రద్ధ ఇక్కడితో అయిపోతుంది. అసలు చిక్కు ఇక్కడే మొదలు. ఒక్కో బ్యాగ్‌లో దాదాపు 200 మి.గ్రా. ఇనుము ఉంటుంది, ఒళ్లు రోజుకి బయటికి పంపేది సుమారు 1 మి.గ్రా. మిగతాది కాలేయంలో, గుండెలో, హార్మోన్ గ్రంథుల్లో పేరుకుంటుంది. 10–20 సార్లు రక్తం ఎక్కాకనో, ఒంట్లో ఇనుము నిల్వని సూచించే ఫెరిటిన్ రక్తపరీక్ష మిల్లీలీటరుకి 1000 నానోగ్రాములు దాటాకనో ఇనుము తీసే మందు మొదలుపెడతారు.

ఫెరిటిన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. జ్వరమొచ్చినా పెరుగుతుంది, కాలేయం వాచినా పెరుగుతుంది. అది తక్కువగా ఉన్నా గుండెలో ఇనుము ఉండొచ్చు. గుండెలో ఇనుము తెలియాలంటే టీ2 స్టార్ అనే ప్రత్యేక ఎంఆర్‌ఐ చేయించాల్సిందే: 20 మిల్లీసెకన్ల పైన ఉంటే ఫర్వాలేదు, 10 కన్నా తగ్గితే గుండె ప్రమాదంలో ఉన్నట్టే.

మందుల్లో డెఫెరాక్సమైన్‌ని చర్మం కిందికి పంపుతో, 8–12 గంటలపాటు, వారానికి కనీసం ఐదు రాత్రులు ఇవ్వాలి. సూది చోటు మార్చకపోతే గడ్డలు కడతాయి. డెఫెరాసిరాక్స్ మాత్ర తేలికే గానీ కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ నెలనెలా చూడాలి. వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే తగ్గేదాకా ఆపమంటారు. డెఫెరిప్రోన్ తెల్లకణాలని ఒక్కసారిగా పడగొట్టగలదు. అది వాడే పిల్లలకి జ్వరం తగిలితే పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దామనుకోవడం కుదరదు: మందు ఆపి, అర్ధరాత్రైనా సరే ఆస్పత్రికెళ్లి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల లెక్క చేయించాలి.