శ్రీలంకలో కారు వద్దు, రైలెక్కండి

మేము శ్రీలంక పోయొచ్చినామని తెలిసినప్పటి నుంచి మా కడపలో అందరూ అడిగేది ఒకటే, "అక్కడ తిరిగేదానికి కారు మాట్లాడుకున్నారా, దినానికి ఎంత తీసుకున్నాడు?" అని. మేము కారే మాట్లాడుకోల్యా. అమ్మ, మా ఆయన, నేను, ముగ్గురం ఎనిమిది రోజులూ రైళ్లు, బస్సులు, ఆటోల్లోనే తిరిగినాం, మళ్లీ పోయినా అట్లనే తిరుగుతాం.

ఒకటి మాత్రం ముందే చెప్తా. మ్యాప్‌లో చూస్తే చిన్న దేశమే కదా, నాలుగు రోజుల్లో చుట్టేయచ్చు అనిపిస్తుంది. కొలంబో నుంచి క్యాండీ 115 కిలోమీటర్లే, బస్సులో మాకు మూడు గంటల పైనే పట్టింది, పైకి పోయేకొద్దీ మన గువ్వలచెరువు ఘాటు మాదిరి మలుపులు, దారి పొడుగునా ఊర్లే ఊర్లు. పెద్దోళ్లను తీసుకపోతే రోజుకొక ఊరు పెట్టుకోవద్దండి దయచేసి.

బస్సుల్లో ఎర్రవి గవర్నమెంటువి, మిగతావి ప్రైవేటువి, బోర్డు మీద సింహళం, తమిళం, ఇంగ్లీషు మూడూ ఉంటాయి కాబట్టి భయం లేదు. అమ్మ ఎక్కంగానే ముందు సీట్లో కూర్చుంటే కండక్టరు మెల్లగా చెయ్యి చూపించి వెనక్కి పొమ్మన్నాడు, అది బౌద్ధ భిక్షువులకు ఉంచే సీటంట. రెండు స్టాపుల తర్వాత నిజంగానే ఒక ముసలి భిక్షువు ఎక్కి అక్కడ కూర్చుంటే అమ్మ లేచి దండం పెట్టింది.

ఆటోను అక్కడ త్రీవీలర్ అంటారు, కొలంబోలో ఆటో పిలిచే పిక్‌మీ యాప్ పెట్టుకుంటే బేరం బాధ లేదు.

ఇంక రైలు. క్యాండీ నుంచి ఎల్లా దాకా పోయే కొండ లైను, దాని కోసమే పోయినాం అసలు. రిజర్వేషన్ నెల ముందు తెరుస్తారు, తెరిచిన కాసేపటికే అయిపోతాయి, మాకు దొరకల్యా. క్యాండీలో ఒకాయన అసలు రేటుకు నాలుగింతలు అడిగినాడు, మేము ఒప్పుకోకుండా కౌంటర్లో థర్డ్ క్లాసు మామూలు టికెట్లు తీసుకున్నాం. మొదట్లో నిలబడే పోయినాం, నాను ఓయలో నువర ఎలియకు పోయేవాళ్లు దిగినాక అమ్మకు కిటికీ సీటు దొరికింది. ఎదురుగా తేయాకు తోటలో పనిచేసే ఒక తమిళామె, మా అమ్మ పుట్టిల్లు తిరుత్తణి పక్కన కాబట్టి తమిళం వచ్చు, ఇద్దరూ ఇంక ఆపల్యా. దినానికి ఇన్ని కిలోల ఆకు కోస్తేనే నిండు కూలి అని ఆమె చెప్తుంటే, కిటికీలో నుంచి ఆ తోటలే కనపడుతున్నాయి, అంతవరకూ పచ్చగా ఉంది అని ఫోటోలు తీస్తున్న నేను ఫోను లోపల పెట్టేసినా.

వడలు అమ్మే పిల్లోడు ఎక్కినాడు. రొయ్య వడ ఒకటి, పప్పు వడ ఒకటి, పప్పు వడ అంటే అచ్చం మన మసాలా వడే, ఎండుమిరపకాయతో కలిపి కాగితం పొట్లంలో కట్టిస్తాడు. ఆ కాగితం ఎవరో పిల్ల రాసిన లెక్కల నోట్సు, ఎర్ర పెన్నుతో టిక్కులు కూడా ఉన్నాయి.

పట్టిపొల స్టేషన్ దాదాపు 1,890 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ చలికి అమ్మ చెంగు తలకు చుట్టుకుంది. ఎల్లా దిగినాక 1921లో కట్టిన తొమ్మిది కమాన్ల వంతెన కాడికి నడిచి పోయి చూసినాం. 2025 నవంబర్లో దిత్వా తుపానుకు ఈ కొండ లైను బాగా దెబ్బతినింది, మేము పోయింది అంతకు ముందు, కాబట్టి టికెట్ కొనేముందు ఏ ముక్క నడుస్తా ఉందో కనుక్కోండి.

చివరి రోజు కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి గాలె అనే ఊరికి రైలెక్కినాం. కుడి పక్క కూర్చోండి, కిటికీ కిందే సముద్రం. ఈ లైను మీదనే, పెరలియ కాడ, 2004 డిసెంబర్ 26 సునామీకి నిండు రైలు మునిగి వెయ్యి మందికి పైగా పోయినారు. నేను ఆ మాట చెప్పినాక అమ్మ గాలె దాకా ఏం మాట్లాడల్యా, కిటికీ కమ్మీ పట్టుకోని అలలు చూస్తానే కూర్చుంది.