పీట్ నేలలో సీసం లెక్క: నా అనుభవం

స్విట్జర్లాండ్‌లో పీట్ నేలను, అంటే సరిగా కుళ్ళని నాచు, మొక్కలు పేరుకుని ఏర్పడిన చిత్తడి నేలను, తవ్వాలంటే ముందు చేతికి రావలసింది పరికరం కాదు, అనుమతి పత్రం. 1987లో అక్కడి ఓటర్లు పీట్ నేలల రక్షణను ఏకంగా రాజ్యాంగంలోనే చేర్పించారు. జూరా పర్వతాల్లో గాలిలోంచి పడిన సీసం చరిత్రపై నా పరిశోధనకు ఒక్క కోరు (నేలలోంచి నిలువుగా తీసే పొడవాటి నమూనా) కావాలని అడిగినందుకే ఎక్కడ నడుస్తారు, ఎంత లోతు వెళ్తారు, గుంతను ఎలా పూడుస్తారు అని వరుస ప్రశ్నలు. విసుగు పుట్టిన మాట నిజమే. అయినా సగటున ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగని నేల విషయంలో ఆ పట్టుదల న్యాయమే అనుకున్నాను.

మాకు కావలసింది ఉబ్బెత్తుగా ఉండే రకం. దాని పైపొరలకు వాగు నీరు, భూగర్భ జలం చేరవు. స్ఫాగ్నం నాచుకు వాన, మంచు, గాలి తెచ్చే దుమ్ము తప్ప వేరే దిక్కు లేదు. నాచు సరిగా కుళ్ళక పొరలుగా పేరుకుంటుంది, ఆకాశం నుంచి పడ్డ సీసం ఆ పొరల్లోనే చిక్కుకుంటుంది. ఈ పర్వతాల్లోనే ఎటాంగ్ ద ల గ్రుయేర్ అనే చోట తీసిన కోరు మీద 1998లో ఒక ప్రసిద్ధ అధ్యయనం వెలువడింది. సహజ స్థితిలో చదరపు మీటరుకు ఏటా 0.01 మిల్లీగ్రాము పడిన సీసం 1979లో 15.7 మిల్లీగ్రాములకు చేరిందని, అంటే 1,570 రెట్లయిందని అది తేల్చింది.

పై మీటరును పెట్టె ఆకారపు కోరర్‌తోనూ, కింది భాగాన్ని రష్యన్ కోరర్‌తో అర మీటరు చొప్పున తీశాం. దింపడం తేలికే, పైకి లాగేటప్పుడే నేల వదలదు. తర్వాత కోరును గడ్డకట్టించి, సెంటీమీటరు మందాన బిళ్ళలుగా కోసి, లోహం తగిలిన అంచులను చెక్కేశాం. ఆరబెట్టి, పొడి చేసి, ఆమ్లాల్లో కరిగించి, పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కించే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు అందించడం మామూలు ప్రయోగశాల పనే.

నా ఓపికను పరీక్షించింది వయసు కట్టడం. పై పొరలకు సీసం-210 అనే రేడియోధార్మిక సీసం ఉంది. దాని అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, సుమారు 22 ఏళ్ళు కాబట్టి నూటయాభై ఏళ్ళ వరకు పనికొస్తుంది. సీసం చరిత్రకు తేదీలు సీసమే చెప్పడం నాకు భలే నచ్చింది. అంతకంటే కింద, చనిపోయిన మొక్కల్లో కాలంతో పాటు తరిగిపోయే కార్బన్-14 తప్పదు. దానికి నాచు కాడలు మాత్రమే పంపాలి. పైన మొలిచిన పొదల వేళ్ళు లోతుకు దిగి ఉంటాయి, అవి కలిస్తే పాత పొర కూడా కుర్రదైపోతుంది. సూక్ష్మదర్శిని కింద పట్టకారుతో, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, ఆ వేళ్ళను ఏరుతూ కూర్చున్నాను. ఊరి నుంచి ఫోను చేసిన నాన్నగారు, "ఇంకా బురదలోనే ఉన్నావా అమ్మా?" అని అడిగేవారు.

అంకెలు వచ్చాక అసలు చిక్కు మొదలైంది. సీసం పెరిగిన ప్రతి పొరా కాలుష్యమే అనుకోవడానికి లేదు. అడవులు నరికి దున్నినప్పుడు లేచిన మట్టిలోనూ సీసం ఉంటుంది. అందుకే పక్కనే టైటానియం కొలిచాం. అది మట్టి దుమ్ముతో వస్తుంది గాని సీసం కరిగించే కొలిమి పొగతో అంతగా రాదు. రెండూ కలిసి పెరిగితే దుమ్ము, సీసం ఒక్కటే ఎగబాకితే మనుషుల పని. మా కోరులో రోమన్ల కాలపు పొరలు ఈ రెండో కోవలోనే పడ్డాయి.

ఇరవయ్యో శతాబ్దపు పొరల్లో ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న సీసం రకాలు, ఇంకో సాక్ష్యమిచ్చాయి. స్థానిక దుమ్ములో సీసం-206కు, సీసం-207కు నిష్పత్తి 1.20 దగ్గర ఉంటుంది. ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గనుల సీసంలో అది 1.04 మాత్రమే. యూరప్ కార్లు తాగిన పెట్రోల్‌లో కలిపిన సీసంలో ఆ ఖనిజం కూడా ఉండేది. కారు పొగ పెరిగిన దశాబ్దాల్లో మా కోరులో ఈ నిష్పత్తి చూపే రేఖ కూడా చప్పున కిందికి జారి, సీసం లేని పెట్రోల్ వచ్చాక మళ్ళీ లేచింది.

కోరులో సగం వాడకుండా దాచాం. అందులో పాదరసం కొలవడం మా తర్వాత చేరిన విద్యార్థి పని.