ఎర్ర గుర్తు ఒక్కటే, దెబ్బలు మూడు: గేమ్స్ నుంచి నా ప్రిపరేషన్‌లోకి వచ్చిన పాఠాలు

పోటీ పరీక్షల ప్రిపరేషన్ అనుభవాలు అనగానే చాలామంది పుస్తకాల జాబితాతో మొదలుపెడతారు. ఆ జాబితా ఈపాటికి మీ అందరి దగ్గరా ఉండే ఉంటుంది. దొరకనిదల్లా మార్కులు ఆగిపోయిన చోట ఏం చేయాలన్నదే. సిలబస్ అయిపోయింది, రివిజన్ అయిపోయింది, మాక్ టెస్టుల మీద మాక్ టెస్టులు రాస్తున్నాం, స్కోరు మాత్రం అక్కడక్కడే తిరుగుతోంది. ఆ దశలో నాకు దారి చూపించినవి వీడియో గేమ్స్. గేమ్స్ ఆడితే తెలివి పెరుగుతుందని నేను అనడం లేదు. ఓడిపోయాక ఏం చూడాలో కష్టమైన గేమ్స్ చాలా గట్టిగా నేర్పిస్తాయి. ఆ నేర్పు మన చదువుకు నేరుగా పనికొస్తుంది.

నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది 2019లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ తెచ్చిన సెకిరో అనే కత్తియుద్ధాల గేమ్. అందులో ఈజీ మోడ్ ఉండదు. శత్రువు కత్తి తగిలే క్షణంలో సరిగ్గా అడ్డుకుంటే అతని నిలకడ కొంచెం కొంచెంగా దెబ్బతింటుంది. అది పూర్తిగా పోయినప్పుడు చివరి దెబ్బ వేయొచ్చు. అయితే మామూలుగా అడ్డుకుంటే సరిపోని దాడులు కొన్ని ఉంటాయి. అవి వచ్చే ముందు తెర మీద ఒక ఎర్రటి అక్షరం మెరుస్తుంది, ప్రమాదం అని. చిక్కంతా అక్కడే. పొడిచేటప్పుడూ, కాళ్ల మీద వేటు వేసేటప్పుడూ, మనల్ని పట్టుకోవడానికి వచ్చేటప్పుడూ అదే అక్షరం. పొడవబోతుంటే ముందుకే అడుగేసి ఆ కత్తిని తొక్కిపట్టాలి. కాళ్ల మీదికి వస్తే ఎగరాలి. పట్టుకోబోతే తప్పుకుని దూరం జరగాలి. ఒకదానికి చేయాల్సింది ఇంకోదానికి చేస్తే గట్టి దెబ్బ తగులుతుంది.

గెనిచిరో అనే బాస్, అంటే ఓడించాల్సిన పెద్ద శత్రువు దగ్గర చాలామంది ఆగిపోతారు. అతను గాల్లోకి ఎగిరి కత్తి దించుతూ కిందికి వస్తాడు, వెంటనే ఎర్ర గుర్తు మెరుస్తుంది. తర్వాత పొడుస్తాడా, కాళ్లు నరుకుతాడా? ఆ గుర్తును ఎంతసేపు చూసినా తెలియదు. అతని ఒళ్లు ఎటు వంగుతోంది, కత్తి మొన ఎటు తిరిగింది అన్నది చూస్తేనే తెలుస్తుంది. గుర్తు కనబడగానే కంగారుగా బటన్ నొక్కినన్నాళ్లూ నాకు ఓటమే మిగిలింది. కళ్లు గుర్తు మీద నుంచి కత్తి మీదికి మారాక అదే బాస్, అదే వేగం, కానీ ఏం జరుగుతోందో అర్థమవడం మొదలైంది.

ఇప్పుడు మీ మాక్ టెస్ట్ రిజల్ట్ తెరిచి చూడండి. తప్పు పోయిన ప్రతి బిట్ పక్కనా ఒకే రకం ఎర్ర గుర్తు ఉంటుంది. దాన్ని చూడగానే మనం చేసే పని కూడా ఒకటే: ఆ టాపిక్ మళ్లీ చదవడం. కానీ ఆ గుర్తు వెనకాల ఉన్న కారణాలు వేరు వేరు. ఒక బిట్‌కు సమాధానం అసలు తెలియదు. ఇంకోదానికి శుభ్రంగా తెలుసు, కానీ ‘సరికానిది ఏది’ అన్న ప్రశ్నలో మొదటి వాక్యం నిజమని కనబడగానే దానికే టిక్ పడిపోయింది. మరొకచోట రెండు ఆప్షన్ల దాకా వచ్చి ఆ రెండింటి మధ్య తేడా తేలక తప్పు పోయింది. ఇంకో నాలుగు బిట్లు ఆఖర్లో టైమ్ లేక గబగబా పెట్టినవి. ఈ నాలుగు రకాల తప్పులకూ మళ్లీ చదవడమే మందు అనుకుంటే, ఎగరాల్సిన చోట ముందుకు అడుగేసినట్టే.

నేను చేసింది ఇది. ప్రతి టెస్ట్ తర్వాత ఒక పేజీ తీసుకుని, తప్పు పోయిన బిట్ నంబర్ పక్కన ఒక్క అక్షరం రాసుకున్నాను. తెలియనిదైతే ‘తె’, చదవడంలో పొరపాటైతే ‘చ’, రెండింటి మధ్య తేలకపోతే ‘రె’, టైమ్ వల్ల పోతే ‘టై’. సరైన సమాధానం వచ్చినా గుడ్డిగా పెట్టింది అయితే దాన్నీ ఇదే పేజీలోకి తెచ్చాను, ఎందుకంటే అసలు పరీక్షలో అది ఎటైనా పోవచ్చు. కొన్ని టెస్టులు గడిచేసరికి పేజీ తనంతట తానే మాట్లాడుతుంది. నా విషయంలో ‘తె’ కన్నా ‘రె’ చాలా ఎక్కువ కనిపించింది. అంటే కొత్త పుస్తకం అవసరం లేదు, చదివిందాంట్లోనే దగ్గర దగ్గరగా ఉన్నవాటిని విడదీసుకోవాలి. అందుకని కొత్త నోట్స్ ఆపేసి, కలిసిపోయే జంటలను ఒకే పేజీలో ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి పెట్టి, తేడా ఉన్న మాట కింద మాత్రమే గీత గీశాను. రెండు చట్టాలు, రెండు కమిటీలు, రెండు సూత్రాలు, ఏవైనా సరే. ‘చ’ ఎక్కువ వచ్చేవాళ్లకు ఇది పనికిరాదు. వాళ్లు ‘కానిది’, ‘తప్ప’, ‘మాత్రమే’ లాంటి మాటలకు చుట్టూ సున్నా చుట్టాకే ఆప్షన్లలోకి వెళ్లాలి, కంప్యూటర్ టెస్ట్ అయితే ఆ మాటను మనసులో ఒకసారి పలకాలి. ‘టై’ ఎక్కువైతే చదువు జోలికే పోనక్కర్లేదు, పేపర్‌ను ఏ వరసలో చేస్తున్నామో మార్చుకోవాలి.

ఈ పనికి టెస్ట్ రాసినంత సేపు పడుతుంది. ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అది ఓర్చుకోలేకే చాలామంది వెంటనే ఇంకో టెస్ట్ రాసేస్తారు. టెస్టుల సంఖ్య పెరుగుతుంది, స్కోరు కదలదు.

ఆ తొందర గురించి డార్క్ సోల్స్ ఆడినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2011లో వచ్చిన ఆ గేమ్‌లో చనిపోతే అప్పటిదాకా పోగేసిన సోల్స్ (ఆ గేమ్‌లో డబ్బులాంటివి) అన్నీ చనిపోయిన చోటే పడిపోతాయి. మళ్లీ అక్కడికి వెళ్లి తెచ్చుకోవచ్చు. కానీ దారిలో ఇంకోసారి చనిపోతే ముందువి శాశ్వతంగా పోతాయి. అందరూ అక్కడే దెబ్బతింటారు. పోయినవి ఎలాగైనా తెచ్చుకోవాలని పరిగెత్తుతారు, మొదటిసారి జాగ్రత్తగా దాటిన చిన్న శత్రువు చేతిలోనే చనిపోతారు. పరీక్ష హాల్లో సరిగ్గా ఇలాగే జరుగుతుంది. ఒక లెక్క దగ్గర ఐదారు నిమిషాలు పోతాయి. ఆ నిమిషాలను తిరిగి తెచ్చుకోవాలన్న టెన్షన్‌లో తర్వాతి పది తేలిక బిట్లు సగం సగం చదివి పెడతాం. మొదటి లెక్క తీసుకెళ్లింది ఒక్క మార్కు, ఆ పరుగు తీసుకెళ్లేది నాలుగైదు. నా సలహా ఏమిటంటే, ఎక్కడైనా టైమ్ పోయిందని తెలిసిన వెంటనే తర్వాతి రెండు ప్రశ్నలను కావాలని నెమ్మదిగా చదవండి. వేగం దానంతట అదే తిరిగి వస్తుంది. ఇది మాక్ టెస్టుల్లో అలవాటు చేసుకోకపోతే అసలు రోజున గుర్తుకు రాదు.

దాచుకోవడం గురించి కూడా చెప్పాలి. ఫైనల్ ఫాంటసీ గేమ్స్‌లో ఎలిక్సిర్ అని ఒక మందు ఉంటుంది. తాగితే ఆరోగ్యం, మంత్రశక్తి రెండూ పూర్తిగా నిండుతాయి. అరుదుగా దొరుకుతుంది కాబట్టి ఇంకా పెద్ద ఆపద వచ్చినప్పుడు వాడదామని అట్టే పెడతాం. గేమ్ అయిపోతుంది, ఎలిక్సిర్లు మాత్రం సంచీలో అలాగే ఉంటాయి. ప్రీవియస్ పేపర్లతో మనం చేసేది ఇదే. సిలబస్ మొత్తం అయ్యాక, బాగా ప్రిపేర్ అయ్యాక, అప్పుడు చేద్దాం అని దాచిపెడతాం. పేపర్ ముందే చూసేస్తే వృథా అయిపోతుందని భయం. నిజానికి ప్రీవియస్ పేపర్ విలువ మొదట్లోనే ఎక్కువ. ఏ అధ్యాయం నుంచి ఎలా అడుగుతున్నారో తెలిశాక చదివే చదువే వేరు. తేదీల మీద అడుగుతున్నారా, కారణాల మీద అడుగుతున్నారా, జతపరచమంటున్నారా అన్నది తెలియకుండా అధ్యాయాలకు అధ్యాయాలు నోట్స్ రాసుకున్నవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆఖరి రెండు మూడు సంవత్సరాల పేపర్లు టైమ్ పెట్టుకుని రాయడానికి పక్కన పెట్టుకోండి, మిగతావన్నీ మొదటి నెలలోనే విప్పేయండి.

నెగెటివ్ మార్కుల భయం పోవడానికి నాకు సాయం చేసింది 2012లో వచ్చిన ఎక్స్‌కామ్ అనే గేమ్. అందులో తుపాకీ పేల్చే ముందే తగిలే అవకాశం ఎంత శాతమో చూపిస్తుంది. 85 శాతం అని చూపించిన గుండు గురితప్పితే ఆ బాధ రోజంతా ఉంటుంది. తగిలినవి గుర్తుండవు. ఆ ఒక్కటి గుర్తుపెట్టుకుని ఇక కాల్చడమే మానేస్తే మాత్రం ఓటమి ఖాయం. మన పేపర్‌కు కూడా లెక్క ఉంది. నాలుగు ఆప్షన్లు, ఒప్పుకు ఒక మార్కు, తప్పుకు మూడో వంతు కోత అనుకోండి. గుడ్డిగా పెడితే సగటున వచ్చేది సున్నా, లాభమూ లేదు నష్టమూ లేదు. ఒక ఆప్షన్ కచ్చితంగా కొట్టేయగలిగితే ప్రతి బిట్‌కూ సగటున తొమ్మిదో వంతు మార్కు లాభం. రెండు కొట్టేయగలిగితే మూడో వంతు మార్కు లాభం. అంటే రెండింటి దాకా వచ్చిన బిట్లను వదిలేసే అలవాటు ఉన్నవాళ్లు ప్రతి మూడింటికీ సుమారు ఒక మార్కు వదులుకుంటున్నట్టు. అయితే ‘కచ్చితంగా’ అన్న మాట దగ్గర నిజాయితీగా ఉండాలి. మీరు కొట్టేసిన ఆప్షన్లలో సరైన సమాధానం ఎన్నిసార్లు ఉందో మాక్ టెస్టుల్లో లెక్కపెట్టుకోండి. అది తరచూ ఉంటోందంటే పై లెక్క మీకు వర్తించదు. మీ పరీక్షలో కోత పావు వంతో, అర మార్కో అయితే లెక్క మళ్లీ వేసుకోండి.

ఇష్టమైన సబ్జెక్టునే పట్టుకుని వేలాడేవాళ్లకు పోకెమాన్ ఒక్కటి చాలు. 1996లో వచ్చిన మొదటి గేమ్స్‌లో పోరాడే జీవుల్లో నిప్పు జాతి చార్మాండర్‌ను ఎంచుకుని దాన్ని మాత్రమే పెంచుకుంటూ వెళ్తే, మొట్టమొదటి జిమ్‌లోనే (పోటీ జరిగే చోటు) రాతి జాతి ఎదురవుతుంది, నిప్పు దాని మీద సరిగా పనిచేయదు. బలమైన సబ్జెక్టులో 90 శాతం దగ్గర్నుంచి ఇంకో రెండు మార్కులు తేవడానికి పట్టే టైమ్‌లో, బలహీనమైన దాంట్లో పది మార్కులు వస్తాయి.

నిద్ర మానుకుని చదివేవాళ్లతో నాకు గట్టి పేచీ ఉంది. రాత్రి ఎంతకీ దాటలేని లెవెల్‌ను పొద్దున లేచి తేలిగ్గా దాటేయడం గేమ్స్ ఆడే ప్రతి ఒక్కరికీ అనుభవమే. పై నుంచి పడే ముక్కలను పేర్చే టెట్రిస్ గేమ్ ఆడినవాళ్లకు నిద్రలోకి జారుకునేటప్పుడు పడుతున్న ముక్కలు కళ్ల ముందు కనిపిస్తాయని హార్వర్డ్ పరిశోధకులు 2000లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. గేమ్ ఆడిన సంగతే గుర్తులేని మతిమరుపు రోగులకు కూడా ఆ ముక్కలు కనిపించాయట! పగలు నేర్చుకున్నదాని మీద మెదడు నిద్రపట్టే వేళ కూడా పనిచేస్తూనే ఉంటుంది. దానికి ఆ టైమ్ ఇవ్వండి.

గేమ్స్ తప్పుదారి పట్టించే చోట్లు కూడా ఉన్నాయి, అవి చెప్పకపోతే అన్యాయం. గేమ్‌లో బాస్ మారడు. అవే దాడులు, ఎన్నిసార్లు వెళ్లినా. పేపర్ మాత్రం ప్రతిసారీ కొత్తది, కాబట్టి ఒకే సంస్థ టెస్ట్ సిరీస్‌కు అలవాటు పడితే వాళ్ల ప్రశ్నల తీరు వస్తుందే తప్ప పరీక్ష రాదు. రెండోది, 2018 నాటి సెలెస్ట్ లాంటి గేమ్‌లో కిందపడితే క్షణంలో అదే గది మొదట్లో నిలబడతాం, తప్పు ఇంకా వేడిగా ఉండగానే దిద్దుకుంటాం. పరీక్ష ఏడాదికోసారి వస్తుంది. ఆ దూరాన్ని మనమే తగ్గించుకోవాలి: అధ్యాయం అయిన రోజునే దాని మీద ఇరవై బిట్లు, గ్రాండ్ టెస్ట్ కోసం ఆగకుండా. మూడోది చాలా ప్రమాదకరం. చాలా గేమ్స్‌లో బలహీన శత్రువులను ఎంతసేపు కొట్టినా అనుభవం పాయింట్లు కొంచెం కొంచెంగా పెరుగుతూనే ఉంటాయి, లెవెల్ కూడా పెరుగుతుంది. చదువులో అలా పెరిగే పాయింట్లు లేవు. పదో గంట, పన్నెండో గంట అని లెక్కపెట్టుకుంటూ, ముందే తెలిసిన బిట్లనే మళ్లీ మళ్లీ చేస్తే గంటలు పెరుగుతాయి, అంతే. సెకిరోలో దాడి బలం ప్రధానంగా పెద్ద బాస్‌లను ఓడిస్తేనే పెరుగుతుంది. మన సంగతి దానికే దగ్గర.

ఇక ఎక్కువమంది అడిగే ప్రశ్న: ప్రిపరేషన్‌లో ఉండగా గేమ్స్ ఆడొచ్చా? నేను ఆడాను, పూర్తిగా మానేయమని ఎవరికీ చెప్పను. కానీ ఏది ఆడుతున్నామన్నది ముఖ్యం. మధ్యలో ఆపగలిగేది, దానంతట అది ఒక చోట ముగిసేది ఎంచుకోండి. సెకిరోలో పాజ్ ఉంది, డార్క్ సోల్స్‌లో లేదు. ఆన్‌లైన్ మ్యాచ్‌ల జోలికి పోకండి. వాటిని సగంలో వదిలేయలేం, పైగా ఓడిపోతే ర్యాంక్ తిరిగి తెచ్చుకోవడానికి ఇంకొకటి, అది పోతే మరొకటి అని రాత్రి గడిచిపోతుంది. మాక్ టెస్ట్‌లో తక్కువ వచ్చిన రోజున అసలు ముట్టుకోకండి, ఆ పేజీ మీద అక్షరాలు రాయడం పూర్తయ్యాకే ఏదైనా. పరీక్షకు ముందు వారం నేను గేమ్ తీసేసి పాస్‌వర్డ్ ఇంట్లోవాళ్ల చేతికి ఇచ్చాను, ఆ వారంలో ‘రె’ పేజీలు రెండుసార్లు తిరగేయడానికి టైమ్ సరిపోయింది.