మా బుడ్డోడి మోటారు మంచం

మా వాడికి రెండున్నరేళ్లు వచ్చేసరికి చీర ఉయ్యాల చిన్నదైపోయింది. తిరుపతి కొర్లగుంటలో మాది పాత ఇల్లు. దూలానికి ఒక ఇనుప కొక్కెం ఉంది, అక్కా నేనూ కూడా దానికి కట్టిన ఉయ్యాలలోనే పెరిగాం. ఒక మధ్యాహ్నం వీడు అందులో లేచి నిలబడి గిర్రున తిరిగాడు. చీర మెలిపడి మెడ దాకా వచ్చింది. అమ్మ పక్కనే ఉంది కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే ఉయ్యాల విప్పేశాం.

విప్పేశాం సరే, నిద్రెట్లా? మంచం మీద పడుకోబెడితే "ఊపు, ఊపు" అని ఒకటే ఏడుపు. రాత్రి 12 దాకా నేనో మా ఆవిడో భుజాన వేసుకుని వసారాలో తిరగాల్సిందే. నాకు రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని, పొద్దున 6 గంటలకు షిఫ్టు. రోజంతా మోటార్లూ గేర్లతోనే గడిపేవాణ్ణి, ఆ మంచాన్నే ఊపించలేనా అనిపించింది.

అమ్మకు చెప్తే, "ఏందిరా, కొండ మీద స్వామికే ఊంజల్ సేవలో చేత్తో ఊపుతారు, నీ కొడుక్కి మోటారు కావాల్నా?" అంది.

మంచం 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. మాధవమాల నుంచి వచ్చే వడ్రంగి ఒకాయన వేప చెక్కతో చేసిచ్చాడు. ఆ ఊరు కొయ్య బొమ్మలకు పేరు కదా, ఈయనా రోజూ దేవుళ్లను చెక్కేవాడే. మోటారు సంగతి చెప్తే నవ్వి, నాలుగు మూలలా నెమళ్లు చెక్కిస్తానన్నాడు. పిల్లాడికి గుచ్చుకుంటాయని వద్దన్నాను. ఇనుప కమ్మీతో బయటి ఫ్రేము వెల్డింగ్ చేయించి, దానికి 40 సెంటీమీటర్ల ఇనుప పట్టీలు నాలుగు, పైనా కిందా బేరింగులతో బిగించి, మంచాన్ని వాటికి వేలాడదీశాను. మంచం వాలకుండా అడ్డంగా అటూ ఇటూ కదులుతుంది. మోటారు పాత ఇనుప సామాన్ల అంగడిలో దొరికిన కారు వైపర్‌ది. 12 వోల్టులు, నిమిషానికి 45 చుట్లు. పిల్లాడి మంచం దగ్గరికి 230 వోల్టుల వైరు రాకూడదని మొదటే అనుకున్నాను. అందుకే అడాప్టర్ కిటికీ పైన, కింద 12 వోల్టులే.

లెక్క కూడా భలే కుదిరింది. వేలాడేది ఏదైనా ఎంత త్వరగా ఊగుతుందనేది దాని బరువును బట్టి ఉండదు, తాడు పొడవును బట్టి ఉంటుంది. 40 సెంటీమీటర్లకు నిమిషానికి దాదాపు 47 ఊపులు. మోటారు 45. రెండూ ఒకటేనని తెగ సంబరపడ్డాను. 26 కిలోల బియ్యం బస్తాలు రెండు వేసి ఒక రాత్రంతా ఊపించి చూశాను, ఏమీ సడలలేదు.

మర్నాడు మా వాణ్ణి పడుకోబెట్టి స్విచ్చి వేశాను. వాడు లేచి కూర్చుని "బస్సు! కొండ బస్సు!" అని కేరింతలు. నిద్ర మాట దేవుడెరుగు, ఉన్న మత్తు కూడా దిగిపోయింది.

"అది ఊపడం కాదురా, పరుగెత్తిచ్చడం," అంది అమ్మ. ఆ మాటతో ఖాళీ చీర మళ్లీ కొక్కేనికి కట్టి, అమ్మను ఊపమని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. 10 ఊపులకు 28 సెకన్లు. కొక్కెం నుంచి చీర అడుగు దాకా 2 మీటర్లు, అంటే ఊపుకు దాదాపు 3 సెకన్లు రావడం లెక్కకు సరిగ్గా సరిపోయింది. నా మంచం 3 సెకన్లలో రెండుసార్లకు పైగా ఊగుతోంది! తర్వాత చదివితే తెలిసింది: 2011లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు పెద్దవాళ్లను ఊగే మంచం మీద మధ్యాహ్నం పడుకోబెట్టి పరిశీలిస్తే, కదలని మంచం మీద కంటే త్వరగా నిద్రపోయారట. వాళ్ల మంచం ఊపుకు 4 సెకన్లు తీసుకుంది.

పట్టీలు 2 మీటర్లు పెడితే మంచం కాదు, పందిరి అవుతుంది. కాబట్టి మంచం దాని ఇష్టానికి ఊగకుండా మోటారే నెమ్మదిగా అటూ ఇటూ జరపాలి. దానికి మూడున్నర కిలోల బలం చాలు. నాబ్ పెట్టి మోటారు వేగం తగ్గిస్తే గుయ్యిమని ఒకటే రొద, చివర్లలో తడబాటు. చివరికి సైకిల్ షాపు దారి పట్టాను. మోటారుకు 18 పళ్ల చక్రం, అవతల 44 పళ్లది, మధ్యలో చైను. నిమిషానికి 18 ఊపులయ్యాయి. పెద్ద చక్రంలో మధ్య నుంచి 4 సెంటీమీటర్ల దూరంలో బెజ్జం వేసి కడ్డీ తగిలించాను, మంచం మొత్తం 8 సెంటీమీటర్లు జరుగుతుంది. చైను మొత్తం ప్లైవుడ్ పెట్టెలో మూసేశాను.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది వేళ్లు నలగడం. వైపర్ మోటారుకు ఎదురేమొచ్చినా ఆగే గుణం తక్కువ. అందుకని కడ్డీని మధ్యలో కోసి, గొట్టంలో రెండు వైపులా స్ప్రింగులు బిగించాను. 5 కిలోలు దాటితే స్ప్రింగు అణుగుతుంది, మంచం నిలిచిపోతుంది. నా చెయ్యి పెట్టి చూసుకున్నాకే వాణ్ణి ఎక్కించాను. మంచానికీ ఫ్రేముకీ మధ్య, ఊపు చివర్లో కూడా, జానెడు ఖాళీ వదిలాను. ఇదంతా నడిచే వయసు పిల్లాడి సంగతి. ఏడాది నిండని పసివాళ్లకైతే నేను ఇలాంటిది చెయ్యను. వాళ్లకు కదలని, గట్టి, చదునైన పడకే మేలు.

ఆ రాత్రి వాడు పావుగంటలో పడుకున్నాడు. స్విచ్చి ఆపగానే లేచాడు! అమ్మ చెయ్యి అట్లా ఠక్కున ఆపదు, తగ్గిస్తూ తగ్గిస్తూ వదిలేస్తుంది. పక్కన పారేసిన నాబ్ మళ్లీ తెచ్చి బిగించాను. ఇప్పుడు దాన్ని తిప్పే పని అమ్మది. వాడి ఊపిరి చూసుకుంటూ కొంచెం కొంచెంగా తగ్గిస్తుంది. టైమర్ పెడతానంటే ఒప్పుకోలేదు.

మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయింది. వాడు కదిలాడు. అమ్మ చీకట్లో మంచం పట్టుకుని ఊపబోతే బెత్తెడు కూడా కదల్లేదు. వైపర్ మోటారులోని గేరును బయటి నుంచి తోస్తే తిరగదు. రోజూ మోటార్లతో పనిచేసేవాడికి ఆ సంగతి ముందే తట్టి ఉండాల్సింది. "చేత్తో ఊపేదానికి కూడా లేకుండా చేసినావే!" అని ఆ రాత్రంతా తిట్లు. మర్నాడు కడ్డీకీ మంచానికీ మధ్య బోల్టు తీసేసి, లాగితే ఊడొచ్చే పిన్ను పెట్టాను. అది తీస్తే మంచం మామూలు ఉయ్యాలే.

ఈమధ్య కరెంటు ఉన్న రాత్రుల్లో కూడా ఆ పిన్ను అమ్మ కొంగు ముడిలోనే కనిపిస్తోంది.